బగ్గీ గొలుసు

పిండిలో చెయ్యి పెట్టబోతుంటే ఇంటి యజమానురాలు మామా నా మణికట్టు పట్టుకుని ఆపింది. వేళ్ళు ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసింది. తర్వాత గోళ్ళు తిప్పి చూసింది. పొద్దున సబ్బుతో, గిన్నెలు తోమే పీచుతో, చివరికి నిమ్మచెక్కతో కూడా రుద్దుకున్న చేతులవి. అయినా గోటి మూలల్లో నల్లటి గీత ఉండిపోయింది.

"గ్రీజు," అంది మామా. "ఈ చేతులతో నా పిల్లలకు రొట్టెలు చేస్తావా రమణీ?"

మా ఆయన ఓబులేసు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈ అరబ్బుల ఇంట్లో ఆయన డ్రైవరు, నేను పనిమనిషిని. మొగుడూ పెళ్ళాలం ఒకే కఫీల్ కింద, అంటే వీసా ఇప్పించిన ఒకే యజమాని కింద, వచ్చాం. మామాను బజారుకు తీసుకుపోవాలని, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ మమ్మల్ని చూస్తున్నాడు. "హాదీ మాఫీ నజాఫా, మామా," అన్నాడు నవ్వుతూ. దీనికి శుభ్రం తెలియదు మామా, అని. మామా కూడా కొంచెం నవ్వింది. నేను మళ్ళీ సింకు దగ్గరికి పోయి నీళ్ళు తిప్పుకున్నాను.

ఆ గ్రీజు ఆయన పనిలోది. ఆ సంగతి ఆ వంటింట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు నవ్వారు, ఒకరు చేతులు కడుక్కున్నారు.

మామా పెద్దకూతురు నూరాకు ఒక బగ్గీ ఉంది. నాలుగు లావు చక్రాలు, మోటారుసైకిలుకు ఉన్నట్టు హ్యాండిలు, ఇసుక దిబ్బల మీద ఎగిరి దూకే బండి. చలికాలం వస్తే ఇక్కడివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. కబ్ద్‌లో మా బాబాకు, అంటే మామా భర్తకు, గొర్రెల షెడ్డు ఉంది, దాని పక్కనే వీళ్ళ గుడారం. సెలవు దొరికితే నూరా అక్కడికి పోయి బగ్గీ తోలుతుంది. ఇసుక పోయి గొలుసులో చేరుతుంది. నూనెలో కలిసిన ఇసుక ఆకురాయిలాగా ఇనుమును తింటుంది. కొన్నాళ్ళకు గొలుసు సాగి, పళ్ళచక్రం మీద నుంచి జారడం మొదలుపెడుతుంది. అప్పుడు మార్చాలి. మార్చేది ఓబులేసు అని ఇంట్లో అందరి నమ్మకం.

మొదట్లో బండిని సబ్హాన్‌లో ఒక షెడ్డుకు తీసుకుపోయేవాళ్ళు. అక్కడ పాకిస్తానీ మిస్త్రీ గొలుసు వేస్తుంటే ఓబులేసు పక్కన నిలబడి చూశాడు. ఇంటికి వచ్చాక బాబా, ఈ పని నీకు వచ్చా అని అడిగితే, "అనా మాలూమ్ కుల్లు," అన్నాడు. నాకన్నీ తెలుసు, అని. ఆయన తీరే అంత. పెళ్ళిచూపుల్లో మా నాయనతో బోరు మోటార్లు విప్పి బిగిస్తానని చెప్పాడు. మా నాయన సంతోషపడ్డాడు. పెళ్ళయ్యాక మా బోరు మోటారు కాలిపోతే విప్పడానికి ఊర్లోంచి వేరే మనిషి వచ్చాడు. ఈయన దగ్గరుండి అతనికి ఎట్లా విప్పాలో చెప్పాడు.

గొలుసు మొదటిసారి మార్చింది మా గది వెనక రేకుల కింద. చక్రం తిప్పుతూ వేలు గొలుసుకూ పళ్ళచక్రానికీ మధ్య పెట్టుకున్నాడు. గోరు నలిగింది. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, నలిగిన వేలు పైకెత్తి పట్టుకుని, "నువ్వు పట్టుకోమే, నేను చెప్తా గదా," అన్నాడు. చెప్పాడు, నేను చేశాను. వేలు మానింది కానీ ఆయన బకెట్ మీద నుంచి లేవలేదు. తర్వాత తర్వాత చెప్పడం కూడా మానేసి ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. ఆయన కళ్ళతో చూసిన పని నా చేతుల్లోకి వచ్చేసింది. ఆయన తలలోంచి పోయింది. ఆ పోయిన సంగతి ఆయనకు తెలియదు. చెయ్యకపోయినా తనకు వచ్చనే అనుకుంటున్నాడు. వాళ్ళమ్మ వండినన్నాళ్ళు, నేను వండినన్నాళ్ళు వంట గురించి కూడా అట్లాగే మాట్లాడేవాడు.

పొద్దున మామా లేవకముందే ఆ పని ముగించాలి. బండి వెనకభాగం జాకీ మీద లేపి, కింద ఇటుకలు పేరుస్తాను. గొలుసు మీది రేకు విప్పుతాను. విప్పిన ప్రతి నట్టూ పాత అన్నం పళ్ళెంలో, విప్పిన వరసలోనే పెట్టుకుంటాను. బిగించేటప్పుడు ఆ వరసను వెనక నుంచి పట్టుకుంటే చాలు. వెనక ఇరుసు నట్లు వదులు చేస్తే గొలుసు వదులవుతుంది. చక్రం మెల్లగా తిప్పుతూ పోతే జాయింటు కనిపిస్తుంది. దాని మీద చిన్న క్లిప్పు ఉంటుంది, చేప ఆకారంలో. పట్టకారుతో దాన్ని తోసి తీసేస్తే గొలుసు విడిపోతుంది. అయితే పాత గొలుసును లాగి పారేయకూడదు. దాని కొసకు కొత్త గొలుసు కొసను తగిలించి, పాతదాన్ని లాగుతూ పోతే, ముందున్న పళ్ళచక్రం చుట్టూ చెయ్యి దూరని చోట కూడా కొత్తది దానంతటదే తిరిగి వస్తుంది. తర్వాత రెండు కొసలూ కలిపి, మళ్ళీ చేప క్లిప్పు. చేప తల, అంటే మూసి ఉన్న పక్క, గొలుసు పరిగెత్తే దిక్కుకు ఉండాలి. చీలిన తోక వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే రాయి తగిలినా, ఇసుక దిబ్బ తగిలినా ఊడిపోతుంది. అంత వేగంలో గొలుసు ఊడితే చక్రానికి చుట్టుకుంటుంది, బండి పల్టీ కొడుతుంది. అందుకని క్లిప్పు పెట్టాక ఒక్కసారి చక్రాన్ని ముందుకు తిప్పి, తల ముందు పోతోందా లేదా చూసుకునే లేస్తాను. చలిలో ఇనుము కరుస్తుంది. చేతులు కడుక్కుని, టీ పెట్టి, మామా తలుపు కొడతాను.

బండి సరిగ్గా నడిస్తే బాబా ఓబులేసు భుజం తడతాడు. ఆయన తల వంచుకుని సిగ్గుపడతాడు. ఆ సిగ్గు చూస్తే నాకే నమ్మకం కలుగుతుంది, ఆయనే చేశాడేమో అని.

వీడియో కాల్‌లో మా అత్త గురమ్మ ఊరి నుంచి అంటుంది, "నా కొడుకు డ్రైవరు పనీ చేసి, మెకానికు పనీ చేసి సగమైపోయినాడు. నువ్వేం తల్లీ, ఏసీలో రొట్టెలు చేసుకుంటాండావు. ఆ పిల్లోనికి కాళ్ళన్నా ఒత్తు." అవునత్తా, అంటాను. పక్కన ఆయన తెల్లటి గోళ్ళతో మీసం దువ్వుకుంటూ ఉంటాడు.

వారంలో నాకని ఒక పూట ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయిన దగ్గర నుంచి చీకటి పడేదాకా. ఆ పూట కావాలని మామాను అడగడానికి నాకు ఏళ్ళు పట్టింది. నూరాకు పాలపళ్ళు ఊడేటప్పుడు ఈ ఇంటికి వచ్చాను, ఆ పిల్ల కాలేజీలో చేరిన ఏడు అడిగాను. పక్కింట్లో వంటచేసే జుబేదా బీ ధైర్యం చెప్తే అడిగాను. జుబేదా బీది రాయచోటి, నాకంటే పెద్దది. ఇద్దరం బస్సెక్కి సముద్రం ఒడ్డుకు పోతాం. శెనక్కాయలు కొనుక్కుంటాం. ఆమె ముఖం మీద కొంగు కప్పుకుని రాళ్ళ మీద వెల్లకిలా పడుకుంటుంది. "ఏమ్మే రమణీ, ఎవురన్నా పిలిస్తే జుబేదా సచ్చిపోయిందని చెప్పు," అంటుంది. ఎవరూ పిలవరు. నేను నీళ్ళు చూస్తూ కూర్చుంటాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటాను. ఏ పనీ లేకుండా అవి అట్లా పడి ఉంటే చూడటం నాకు ఇష్టం. అక్కడ నన్ను రమణీ అని గదిలోంచి ఎవరూ అరవరు, మే అని ఎవరూ గదమాయించరు.

ఒకసారి ఓబులేసు అడిగాడు, "ఆడికి పోయి ఏం జేస్తారు మీరు?"

"ఏం జెయ్యం," అన్నాను.

"ఏం జెయ్యనిదానికి బస్సు చార్జీలా?"

ఈ చలికాలం మామా తమ్ముడు ఫవాజ్ కబ్ద్ రోడ్డు పక్కన బగ్గీలు అద్దెకిచ్చే స్టాండు పెట్టాడు. గిరాకీ అంతా శుక్రవారమే. అద్దెకు తీసుకున్నవాళ్ళు బండి తమది కాదని ఎట్లా పడితే అట్లా తోలతారు, గొలుసులు తెగుతాయి. వేసే మనిషి కావాలి. బాబా మా ఆయన పేరు చెప్పాడు. బాబా శుక్రవారాలు ఆయన్ను వదులుతాడట. ఫవాజ్ జీతం వేరే ఇస్తాడట. ఈ మాట ఓబులేసు అన్నం తింటూ చెప్పాడు.

"ఇద్దురం పోదాం," అన్నాడు.

"ఇద్దురమా? మరి నా పూట?"

"నీ పూటేందిమే! ఆడ గూచ్చోని నీళ్ళు జూసేదే గదా. ఈడ ఇసక జూస్తువులే." తన మాటకు తనే నవ్వాడు. "నువ్వు గుడారం ఎనకాల గూచ్చోని గొలుసులు ఎయ్యి. నేను బండ్లు తోసకొచ్చి ఇస్తా. నువ్వు ఎవురికీ కనపడవు."

"కనపడితే ఏమయితాది?"

"ఆడది బిగించిందంటే దాని మింద ఎవురన్నా ఎక్కుతారా?"

నూరా ఎక్కుతూనే ఉంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన పళ్ళెంలో మజ్జిగ పోశాను. "నేను రాను," అని మాత్రం అన్నాను. "వస్తువులే," అన్నాడు, చెయ్యి నాకుతూ. ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది. పొద్దు పొడుస్తుందిలే అన్నట్టు అన్నాడు. ఆ రోజంతా గదులు తుడుస్తూ నేను ఆ మాటనే తుడిచాను. ఈ ఇంట్లో నా నిద్ర మామాది, నా చేతులు మామావి, పొద్దుటిపూట ఓబులేసుది, ఫోన్ మోగితే నా చెవులు మా అత్తవి. మిగిలింది ఆ ఒక్క పూట. దాన్ని కూడా ఆయన అన్నంలో నంజుకున్నంత తేలిగ్గా తినేస్తున్నాడు. తిని, నేను ఏమి పోగొట్టుకున్నానో తెలియక, నీళ్ళు చూసేదే గదా అంటున్నాడు. ఆయనకు కాళ్ళు చాపుకోవడానికి రోజుకు ఎన్నో చోట్లు ఉన్నాయి. కారులో సీటు వెనక్కి వాల్చుకుంటాడు, డ్రైవర్లంతా కలిసి గేటు దగ్గర కూర్చుంటారు, మామా అంగడిలో ఉన్నంతసేపు నిద్రపోతాడు. వాటికి పేరు లేదు కాబట్టి అవి ఆయనకు సెలవులా కనిపించవు. నాది ఒక్కటే, దానికి పేరుంది, అందుకని అందరికీ కనిపిస్తుంది.

శనివారం ఇంటిల్లిపాదీ కబ్ద్ పోయాం. ఫవాజ్ కూడా వచ్చాడు. మగవాళ్ళు గుడారం ముందు తివాచీ మీద బొగ్గుల కుంపటి చుట్టూ కూర్చున్నారు. మామా కొంచెం పక్కగా దిండుకు ఆనుకుని ఉంది. నేను పళ్ళెంలో గాజు కప్పులు పెట్టుకుని చాయ్ అందిస్తున్నాను. నూరా బగ్గీ ఎక్కి అంత దూరం పోయి, తోసుకుంటూ తిరిగి వచ్చింది. గొలుసు జారిపోయింది.

"మంచిదయింది," అన్నాడు ఫవాజ్. "కొత్త గొలుసు నా బండిలో ఉంది. నీ మిస్త్రీని ఇక్కడే వెయ్యమను బావా. నేను కూడా చూస్తాను."

ఓబులేసు ముఖం నేను చూశాను. పానాలు తెచ్చుకున్నాడు, బండి ఎత్తాడు. మొదట బాగానే చేశాడు. కొత్త గొలుసును పాతదానికి తగిలించి లాగడం గుర్తులేక, ముందు పళ్ళచక్రం చుట్టూ తోయడానికి తంటాలు పడ్డాడు. చలిలో చెమట కారింది. కొసలు కలిశాక క్లిప్పు అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "మే, నీళ్ళు," అని కేకేశాడు. నీళ్ళు తీసుకుపోయాను. గ్లాసు అందుకుంటూ గొంతు తగ్గించి, "యా పక్కకు బెట్టేది ఇది?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అప్పుడే బాబా లేచి ఇటువైపు వచ్చాడు. ఓబులేసు గ్లాసు నా చేతిలోకి తోసి, అందరికీ వినిపించేట్టు, "యల్లా, రూహ్! ఆడోళ్ళకు ఏం పనిమే ఈడ?" అని అరిచాడు. ఆ మాటల్లో యల్లా, రూహ్, అంటే ఇంక పో అనే రెండు మాత్రం తివాచీ మీదివాళ్ళకు అర్థమయ్యాయి. ఎవరో నవ్వారు. నేను చెప్పాల్సిన మాట నోట్లోనే పెట్టుకుని కుంపటి దగ్గరికి వచ్చాను.

ఆయన క్లిప్పు నొక్కాడు. టక్కుమంది. రేకు బిగించకుండానే లేచి చేతులు తుడుచుకున్నాడు. "ఖలాస్," అన్నాడు. ఫవాజ్ బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను కూర్చున్న చోటికి ఆ గొలుసు కనిపిస్తోంది. చేప తోక ముందుకు ఉంది.

నూరా హెల్మెట్ పెట్టుకుంటోంది. గడ్డం కింద పట్టీ బిగించుకోవడం దానికి చిన్నప్పటి నుంచీ సరిగా రాదు, బడి సంచీ పట్టీలు కూడా నేనే వేసేదాన్ని. నేను నోరు మూసుకుంటే ఓబులేసుకు పని దొరుకుతుంది, నా శుక్రవారం పోతుంది, ఈ పిల్ల ఏ దిబ్బ మీదో పడుతుంది. నోరు విప్పితే ఓబులేసు అబద్ధం బయటపడుతుంది, బాబా ఇద్దరి ఇఖామాలూ, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డులు, రద్దు చేసి ఇంటికి పంపినా పంపుతాడు. ఇంత ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు ఆ పిల్ల గడ్డం కింద పట్టీ తప్ప నాకేమీ కనిపించలేదు.

పళ్ళెం కింద పెట్టాను. "నూరా, ఆగు," అన్నాను. బండి పక్కన ఇసుకలో కూర్చుని, పట్టకారుతో క్లిప్పు తీసి, తిప్పి పెట్టాను. చక్రం ఒకసారి ముందుకు తిప్పి చూశాను. రేకు బిగించాను.

"ఖలాస్?" అంది నూరా, హెల్మెట్ లోంచి.

"ఖలాస్," అన్నాను. పోయింది. నన్ను చూడలేదు. వెనక లేచిన ఇసుక చాయ్ కప్పుల్లో పడింది.

తివాచీ మీద నుంచి ఫవాజ్ పెద్దగా నవ్వాడు. "మీ మిస్త్రీ ఇది కదా!" అన్నాడు. ఓబులేసు తడుముకోలేదు. "నేనే నేర్పించాను బాబా," అన్నాడు. "ఇద్దరం చేస్తాం. నేను చెప్తాను, ఇది బిగిస్తుంది." నేను భయపడినట్టు ఎవరికీ కోపం రాలేదు. కోపం రాకపోగా అందరికీ సంతోషమయింది. ఒక జీతానికి ఇద్దరు దొరికారని ఫవాజ్‌కు సంతోషం. తన ఇంటి పనిమనిషికి ఇన్ని పనులు వచ్చని బాబాకు గొప్ప. ఓబులేసు ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. పరువు పోతుందనుకున్న చోట ఆయనకు దారి దొరికింది, ఆ దారి ఎప్పటిలాగే నా మీదుగా పోతోంది.

"శుక్రవారం దానికి సెలవే కదా," అంది మామా, దిండు మీద నుంచి కదలకుండా. "రానీ. ఇక్కడి గాలి దానికి మంచిది."

"వచ్చే వారం నుంచే," అన్నాడు ఫవాజ్. "మధ్యాహ్నం తీసుకురా. పనివాళ్ళకు ఇంత వండి కూడా పెట్టమను."

"పెడుతుంది," అన్నాడు ఓబులేసు.

నేను ఇసుక పడిన కప్పులు పళ్ళెంలోకి ఏరుతున్నాను. అంత చిన్న పని అయ్యేలోపల నా పూట వాళ్ళ మధ్య చేతులు మారిపోయింది. కొసకు బాబా గుర్తొచ్చినట్టు, "అది ఏమంటుంది?" అని ఓబులేసును అడిగాడు. నన్ను కాదు.

ఓబులేసు నావైపు చూడనన్నా చూడలేదు. "జైన్ అంటాంది బాబా," అన్నాడు. జైన్ అంటే సరే. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను అన్నిటికంటే ఎక్కువగా పలికిన మాట అది.

"అనా మాఫీ గూల్ జైన్," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ తలలు తిప్పారు. నేను జైన్ అనలేదు, అని ఇంకోసారి అన్నాను. తర్వాత మామావైపు తిరిగి, "యోమ్ జుమా మాల్ అనా," అన్నాను. శుక్రవారం నాది. నాకొచ్చిన అరబీ పనివాళ్ళ అరబీ, గిన్నెలకూ గుడ్డలకూ సరిపోయేంత. కానీ ఆ మాటకు సరిపోయింది.

బాబా నవ్వబోయి మామా ముఖం చూసి ఆగిపోయాడు. ఫవాజ్ చెయ్యి విదిలించాడు. "వద్దులే, ఎవరో ఒకర్ని చూసుకుంటా," అని సిగరెట్ తీశాడు. ఆయనకు అది అంతటితో అయిపోయింది. మామా దిండు మీద నుంచి లేచి కూర్చుంది. "ఇంటికి పోయాక మాట్లాడతా నీతో," అంది. ఆ తర్వాత, "చాయ్ మళ్ళీ పెట్టు," అంది. పెట్టాను.

సాయంత్రం వాళ్ళంతా పెద్దకారులో ముందు పోయారు. సామాన్లు వేసుకుని పికప్‌లో మేమిద్దరం వెనక బయలుదేరాం. సులైబియా దాటాక ఆయన మొదలుపెట్టాడు.

"అంతమందిలో నా మానం దీసినావు గదే."

"నూరా పడుంటే?"

"నేను దాని మాట అంటాండానా? క్లిప్పు మార్చినావు, సరే. శుక్రవారానికి ఏమొచ్చె నీకు? ఒప్పుకోనుంటే ఏం బోతాండె?" కోపం కంటే బాధే ఎక్కువ ఉంది ఆయన గొంతులో. నిజంగానే అర్థం కాక అడుగుతున్నాడు. "కొత్త పనా ఏమన్నా? నీకు అలవాటైందే గదా."

ఎన్నేళ్ళు చలిలో ఇనుము పట్టుకున్నా అది కరవకుండా ఉన్న పొద్దు లేదు. పనిమనిషిని నలుగురిలో పో అంటే గుచ్చుకోకుండా ఉన్న పొద్దు కూడా లేదు. ప్రతిసారీ కొత్తగానే ఉండింది.

"అలవాటైంది నాకు గాదుయో," అన్నాను. "నీకు."

ఆయన స్టీరింగు మీద నుంచి చెయ్యి తీసి రేడియో పెట్టాడు. నేను కట్టేశాను.

"నేను చెప్పేది ఇంగా ఉండాది," అన్నాను.